మట్టిలో నుంచి బయటపడమన్న నాయనకు ఏం చెప్పాలి?

అనంతపురం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 34. సొంతూరు కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. అనంతరాజుపేట ఉద్యాన కళాశాలలో బీఎస్సీ చేసి, కొన్నాళ్ళు ఒక డ్రిప్ కంపెనీలో ఫీల్డు మీద తిరిగి, పెళ్ళయ్యాక టౌన్లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరారు. జీతం 18,000. వేసవిలో ఒక నెల జీతం ఇవ్వరు. ఏడేళ్ళ పాప అదే స్కూల్లో సగం ఫీజుకు చదువుతోంది. ఇంటి లోను కంతు నెలకు 11,000.

2020 లాక్‌డౌన్‌లో మిద్దె మీద పగిలిన బకెట్లలో పుండికూర (గోంగూర), చుక్కకూర, వంగ వేశారట. పక్కింటివాళ్ళు చూసి అడిగారు, ఈమె చెప్పారు. అది ఆదివారం క్లాసు అయింది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో 400 మంది దాకా ఉన్నారు. ఇన్నేళ్ళలో ఒక్కరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఈ వేసవిలో రెండు కబుర్లు వచ్చాయి. మూడు స్కూళ్ళవాళ్ళు వారానికి రెండు పూటలు పిల్లలకు తోట పని నేర్పమన్నారు, ఒక్కో స్కూలు నెలకు 6,000 ఇస్తుందట. ఒక నర్సరీ యజమాని అయితే నెలకు 25,000 ఇస్తానన్నాడు. తన దగ్గరే క్లాసులు పెట్టాలి, కుండీలూ ఎరువులూ మందులూ తన దగ్గరే కొనేలా చూడాలి. ఈ రెంటిలో దేనికి ఒప్పుకున్నా ఇప్పటి ఉద్యోగం మానాల్సిందే. భర్త వద్దనడం లేదు, గ్రామ సచివాలయం పోస్టుకు రాయమంటున్నారు. అత్తగారికి కోడలు మట్టి చేతులతో నలుగురిలో కనిపించడం ఇష్టం లేదు.

అసలు బాధ నాయనతో. ఆయన తొమ్మిది ఎకరాల చెనిక్కాయ (వేరుశనగ) రైతు. నాలుగు బోర్లు వేసి, నాలుగూ ఎండి, కూతురి చదువుకూ బోర్ల అప్పుకూ కలిపి అయిదెకరాలు అమ్మేశారు. టౌనుకు వచ్చినా మిద్దె ఎక్కరు. “మట్లోనుంచి నిన్ను బయటేస్తే, మిద్దెక్కి మళ్ళా మట్లోనే పడితివా?” అన్నారట. ఆమె చివర ఇలా రాశారు: “తొమ్మిది ఎకరాల్లో ఓడిపోయిన మనిషి కూతుర్ని. తొమ్మిది కుండీల్లో టమోటాలు పండించడం నేర్పిస్తూ నన్ను నేను టీచరనుకుంటున్నా. ఇది బతుకుదెరువా, కాలక్షేపమా? ఫీజు అడగాలంటే నోరు రావడం లేదు.”

* * *

అమ్మా, ఉద్యోగం మానాలా వద్దా అని అడిగారు. కానీ ఆరు పేజీల్లో ఆ ప్రశ్న ఉన్నది అరపేజీలోనే. మిగతాదంతా నాయన గురించి, నోరు రాని ఫీజు గురించి. అందుకే ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను, లెక్కలు తర్వాత.

మూడో పేజీలో ఒక సంగతి మామూలుగా రాసి వదిలేశారు. మీ వీధిలో ఒకావిడ టమోటాలకు అడుగుభాగం నల్లబడి కుళ్ళుతోందని ఏడుపు మొహంతో వచ్చింది. దుకాణంలో కాల్షియం మందు సీసా కొనమన్నారట. మీరు వద్దన్నారు. ఒకరోజు రెండు బకెట్లు పోసి మూడు రోజులు మరిచిపోతున్నారు కదా, రోజూ పొద్దున ఒకే కొలతగా పోయండి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పండి అన్నారు. కొత్తగా వచ్చిన కాయలు శుభ్రంగా వచ్చాయి. మట్టిలో కాల్షియం ఉన్నా, నీళ్ళు ఒక తీరుగా అందకపోతే కాయ కొస దాకా అది చేరదు. ఈ ముక్క చెప్పడానికి చదువు కావాలి. ఆ చదువును సీసా అమ్ముకోవడానికి వాడకుండా ఉండడానికి ఇంకేదో కూడా కావాలి. అది మీ దగ్గర ఉంది. దీన్ని కాలక్షేపం అనకండి.

మిద్దె తోట ఊరికి అన్నం పెడుతుందని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళను నమ్మొద్దని కూడా చెబుతాను. బియ్యం, పప్పు, నూనె పొలం నుంచే రావాలి. మిద్దె మీద వచ్చేది ఆకుకూర, కరివేపాకు, నాలుగు వంకాయలు, సీజన్లో సొరకాయ. కానీ మీరు నేర్పేది కూరగాయలు ఒక్కటే కాదు. మన అనంతపురానికి ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద ఆ వానంతా పడితే 51,000 లీటర్లు. పోయేది పోగా 40,000 లీటర్లయినా పట్టుకోవచ్చు. మూడు రోజులకోసారి వచ్చే కొళాయి కోసం కాచుకునే ఇల్లాలికి ఈ లెక్క ఎవరైనా చెప్పారా? బోరు నీళ్ళు పోసీ పోసీ కుండీ అంచున తెల్లటి పొర కట్టినప్పుడు, అది ఉప్పు, నెలకోసారి కింది నుంచి కారిపోయేదాకా మంచినీళ్ళు పోసి కడగాలి అని ఎవరు చెబుతున్నారు? నాలుగు బోర్లు ఎండిన ఇంట్లో పుట్టిన పిల్ల నీటి గురించి మాట్లాడితే ఆ మాటకు ఉండే బరువు వేరు. తొమ్మిది ఎకరాల పక్కన తొమ్మిది కుండీలు పెట్టి మీరు సిగ్గుపడుతున్నారు. ఆ తొమ్మిది ఎకరాలే మీకు పాఠం నేర్పాయని నాకనిపిస్తోంది.

ఇక ఫీజు. అయిదేళ్ళు ఊరికే చెప్పాక ఇప్పుడు డబ్బులంటే ఏమనుకుంటారోనని మీ భయం. అనుకుంటారు. కొందరు గ్రూపులో నుంచి వెళ్ళిపోతారు, అందులో బంధువులూ ఉంటారు. దానికి సిద్ధపడండి. నేను సాగు పద్ధతులు నేర్పే విస్తరణ ఉద్యోగంలో కర్నూలు చుట్టుపక్కల 28 ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఉచిత శిక్షణకు వచ్చినవాళ్ళు భోజనం టైముకు సగం మంది మిగిలేవాళ్ళు. చేతి నుంచి వంద రూపాయలు కట్టి వచ్చినవాళ్ళు తర్వాతి వారం మొలకలు పట్టుకొని వచ్చేవాళ్ళు. డబ్బు గొప్పదని కాదు. కట్టినవాడు విత్తనం నాటతాడు, అంతే.

పాతవాళ్ళను వదిలేయక్కర్లేదు. గ్రూపులో ప్రశ్నలకు జవాబులు ఎప్పటిలాగే ఉచితంగా ఉండనివ్వండి, కానీ రోజులో ఒక గంట మాత్రమే. నెలలో మొదటి ఆదివారం అందరికీ తలుపు తెరిచి ఉంచండి. మిగిలిన ఆదివారాల్లో చేత్తో చేయించే బ్యాచ్ పెట్టండి: నాలుగు వారాలు, 12 మంది, మనిషికి 600. మట్టి కలపడం, నారు పోయడం, వేపకషాయం కాచడం, పేనుబంక, పిండినల్లి లాంటి పురుగులను గుర్తుపట్టడం. ఇంటికి వచ్చి చూడమంటే దానికి వేరే రేటు. ఈ రేటు మాత్రం ముందే గ్రూపులో రాసి పెట్టండి. ఎదురుగా నిలబడిన మనిషితో డబ్బు మాట చెప్పడమే కష్టం, రాసి ఉంటే ఆ కష్టం సగం తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. ఫీజు తీసుకున్న రోజు నుంచి బాధ్యత కూడా మీదే. కర్నూల్లో ఒక కాలనీలో మిద్దె మీద ఇటుకలు పేర్చి అడుగు లోతు మట్టి పోసి మడి కట్టుకుంటామంటే నేను సరేనన్నాను. రెండో వానాకాలానికి కింద గది స్లాబు చెమ్మగిల్లి పెచ్చులు ఊడింది. ఆ ఇంటాయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, నాకు ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్ళాలంటే మనసొప్పదు. మనుషులు తిరిగే మిద్దెకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల బరువే లెక్కేస్తారు. తడి మట్టి అడుగు లోతున పరిస్తే అది 500 కిలోలు దాటుతుంది. మన పాత మట్టి మిద్దెల మీద ఏటా చౌడు మన్ను పరిచేవాళ్ళు కదా అని కొందరు వాదిస్తారు. ఆ మిద్దెలకు కింద దూలాలూ దంతెలూ వేరు, ఆ పరిచే మందం వేరు. మొదటి క్లాసు విత్తనాల మీద కాకుండా బరువు మీద, నీటి కారుడు మీద పెట్టండి. బరువు కుండీలు గోడల వెంట, దూలాల మీదికి రావాలి. కొబ్బరి పొట్టు, ఎరువు కలిపి మట్టి తేలిక చేయాలి.

ఇప్పుడు దారులు చూద్దాం.

స్కూళ్ళ సంగతి. మూడు స్కూళ్ళు, ఒక్కోటి 6,000 అంటే 18,000, ఇప్పటి జీతమే కదా అనిపిస్తుంది. కానీ ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడి ఉండదు. పది నెలలకే కట్టుకోండి, 1,80,000. ఇప్పుడు పదకొండు నెలలకు 1,98,000 వస్తోంది. దానికి పాప ఫీజు రాయితీ కలపండి. మీరు దాన్ని లెక్కలో వేయలేదు. అదీ జీతమే. ఏడాదికి 12,000 అనుకుంటే, మారడం వల్ల పోయేది మొత్తం 30,000. ఇందాక చెప్పిన బ్యాచులు ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా ఆరు నడిస్తే 43,200 వస్తుంది, సామాను ఖర్చు పోగా 30,000 మిగలొచ్చు. అంటే అక్కడికక్కడే, పైగా పెట్రోలు. బ్యాచులు నిండకపోతే కంతు కట్టే రోజున డబ్బుకు తడుముకోవాలి. ఏప్రిల్ చివరి నుంచి బడీ ఉండదు, 40 డిగ్రీల ఎండలో మిద్దె మీద టమోటా పూత నిలవదు, క్లాసుకూ ఎవరూ రారు. రెండూ ఒకేసారి ఆగిపోయే ఆ రెండు నెలలకు డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి.

అయినా ఆ దారి వైపు మనసు లాగుతోందంటే, నోటిమాటతో ఒప్పుకోకండి. జూన్ నుంచి ఏప్రిల్ దాకా అని కాగితం మీద రాయించుకోండి. విత్తనాలు, ఎరువు, పనిముట్లు స్కూలువి. దసరా సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో నీళ్ళు పోసేదెవరో పేరుతో సహా రాయాలి. బడి తోటలు తెగుళ్ళతో చావవు, సెలవులతో చస్తాయి. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి తోడుగా పోషకాహార తోటలు వేయమని కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అవి తోట వేయమన్నాయే గానీ తోట టీచరు పోస్టు పెట్టలేదు. అక్కడ మీరు చేసేది సేవే అవుతుంది. చేయాలనిపిస్తే చేయండి, ఆదాయం లెక్కలో మాత్రం వేయకండి.

నర్సరీ 25,000 గురించి నా మనసులో మాట దాచను, నాకు భయంగా ఉంది. ఆ యజమాని చెడ్డవాడని కాదు, ఆయన వ్యాపారం ఆయనది. కానీ ఇందాకటి టమోటా ఆవిడ మళ్ళీ వచ్చిందనుకోండి. మీ నెల జీతం ఆ సీసా అమ్మకంలోంచి వస్తున్నప్పుడు “వద్దు, నీళ్ళు సరిగా పోయండి” అని మీ నోట వస్తుందా? ఒకటి రెండు నెలలు వస్తుంది. ఆ తర్వాత ఆయన లెక్క అడుగుతాడు. 400 మంది మీ దగ్గరికి వస్తున్నది మీరు కొనొద్దని చెప్పగలరు కాబట్టి. మధ్యేమార్గం ఒకటుంది: ఆయన స్థలంలో క్లాసు పెట్టండి, క్లాసుకు ఇంత అని ఫీజు తీసుకోండి, అమ్మకంతో మీకు ముడి వద్దనండి. ఒప్పుకుంటే మంచిదే, నారు కూడా దగ్గరలో దొరుకుతుంది. ఒప్పుకోకపోతే ఆయనకు కావలసింది టీచరు కాదని తేలిపోతుంది.

మీ ఆయన సచివాలయం మాటను తేలిగ్గా తీసేయకండి. గ్రామ ఉద్యాన సహాయకుల పోస్టులకు 2019లోనూ 2020లోనూ నోటిఫికేషన్లు వచ్చాయి. మీ చదువుకు సరిపోయే ఉద్యోగం, నెల తిరిగితే జీతం. కానీ అందులో పని పల్లెల్లో, చీనీ (బత్తాయి) తోటల్లో, పంట నమోదుల్లో. పాఠం చెప్పడం అందులో కొంతే. పైగా నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దాని కోసం జీవితాన్ని ఆపి కూర్చోలేం. వచ్చినప్పుడు రాయండి, ఈలోపు మీ పని ఆపకండి.

చదువు దారి ఇంకోటి. రెడ్డిపల్లిలోనో, కడప దగ్గర ఊటుకూరులోనో, కర్నూలు వైపు బనవాసిలోనో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాల్లో విషయ నిపుణులుగా చేరాలంటే ఎమ్మెస్సీ ఉండాలి. అంటే రెండేళ్ళు పాపకూ ఇంటికీ దూరం, లోను అలాగే ఉంటుంది. ఇప్పుడే వద్దంటాను. కానీ రెడ్డిపల్లి మీకు దగ్గరే, ఒకసారి వెళ్ళి మాట్లాడి రండి. వాళ్ళు పెట్టే శిక్షణల్లో మీలాంటి వాళ్ళకు ఒక పూట మాట్లాడే అవకాశం దొరకొచ్చు. అలాంటి నాలుగు పూటలు రేపు స్కూలు యాజమాన్యం దగ్గర రేటు మాట్లాడేటప్పుడు పనికొస్తాయి. వ్యవసాయ, ఉద్యాన పట్టభద్రుల కోసం 2002 నుంచి అగ్రి క్లినిక్ పథకం కూడా ఉంది: 45 రోజుల ఉచిత శిక్షణ, 20 లక్షల దాకా ప్రాజెక్టు, మహిళలకు 44 శాతం సబ్సిడీ. శిక్షణ మంచిదే. లోను మాత్రం మీ పనికి అవసరం లేదు. పాఠం చెప్పడానికి పెట్టుబడి అక్కర్లేదు. అప్పు తెస్తే దాన్ని తీర్చడానికి మళ్ళీ అమ్మకాల్లోకే దిగాలి. మీ ఇంట్లో అప్పు ఏం చేసిందో నేను చెప్పక్కర్లేదు.

నన్ను అడిగితే, వచ్చే ఏప్రిల్ దాకా ఉద్యోగంలోనే ఉండండి అంటాను. మూడు స్కూళ్ళలో ఒక్కదాన్ని శనివారం మధ్యాహ్నానికి ఒప్పించి చూడండి. ఆదివారం బ్యాచులు మొదలుపెట్టి, పుస్తకంలో ప్రతి రూపాయీ రాయండి. మీ స్కూలు యాజమాన్యాన్ని కూడా ఒక మాట అడగండి, తోట పీరియడ్ వాళ్ళకే ఎందుకు వద్దు? కానీ ఈ దారికీ ఖరీదు ఉంది. వారంలో ఏడు రోజులూ పని. శని, ఆదివారాలు పాపవి, అవి పోతాయి. మీ ఒళ్ళు అలిసిపోతుంది. ఆ ఏడాది మోయలేననిపిస్తే, ఒక నెల కంతు కాదు, ఆరు నెలల కంతు, 66,000, చేతిలో పెట్టుకొని జూన్‌లోనే మానేయడం కూడా తప్పేం కాదు. ఆ నిర్ణయం మీరూ మీ ఆయనా కలిసి పుస్తకం ముందు పెట్టుకొని తీసుకోవాల్సింది, నేను కాదు.

అత్తగారి గురించి ఒక్క మాటే. ఇంట్లో పుండికూర కోసుకొని పచ్చడి నూరేది ఆమే అని మీరే రాశారు. ఆమెతో వాదన పెట్టుకోకండి.

ఇక నాయన. ఆయన “మట్టి” అన్నప్పుడు మీకు వినిపించేది మట్టి. ఆయన అంటున్నది మాత్రం ఎండిన నాలుగు బోర్లు, అమ్మిన అయిదెకరాలు, కాగితాల మీద పెట్టిన వేలిముద్రలు. ఆ నొప్పిని వాదించి గెలవలేం. “ఇది వేరే నాయనా, ఇది టౌను తోట” అని చెప్పబోతే, తన బతుకంతా ఓటమి అని కూతురే అంటున్నట్టు ఆయనకు వినిపిస్తుంది. ఆయన అనుమతి కోసం ఆగకండి. ఆయన చివరిదాకా ఒప్పుకోకపోవచ్చు, మిద్దె ఎక్కకపోవచ్చు. అదీ మోయాల్సిన బరువే. కానీ అనుమతి అడగడం కాకుండా, ఆయనకు తెలిసింది అడగండి.

టౌన్లో పిల్లలకు చెనిక్కాయ చెట్టుకు కాస్తుందో మట్టిలో ఉంటుందో తెలీదు. జిల్లా పేరు చెబితే గుర్తొచ్చే పంట, ఆ జిల్లా కేంద్రంలో పిల్లలు చూడని పంట. బడి తెరిచాక, మొదటి మంచి వాన పడ్డప్పుడు వెడల్పు టబ్బుల్లో చెనిక్కాయ వేయించండి. నెల రోజులకు పసుపు పూలు. ఆ తర్వాత పూవు రాలిన చోటు నుంచి ఊడ కిందికి వంగి, సూదిలా మట్టిలోకి దిగుతుంది. పిల్లలు మోకాళ్ళ మీద కూర్చొని చూడాల్సిన దృశ్యం అది. నూరు, నూటపది రోజులకు, అంటే దసరా దాటాక, పీకుతారు. ఊడలు దిగే రోజుల్లో మట్టి గట్టిపడితే కాయ ఊరదు. అప్పుడు మట్టి ఎంత వదులుగా ఉండాలి, ఎంత తడి ఉండాలి అన్నది పుస్తకంలో చదివిన మీకూ నాకూ తెలిసిన దానికంటే ఆయన వేళ్ళకు ఎక్కువ తెలుసు.

కాబట్టి ఈసారి ఆయన వచ్చినప్పుడు మిద్దె ఎక్కమనకండి. ఇంటి ముందు మెట్ల మీద కూర్చున్నప్పుడు రెండు గుప్పిళ్ళ విత్తనం ఆయన ముందు పోసి, పిల్లల టబ్బుల్లో వేయాలి నాయనా, ఇందులో ఏ గింజ ఉంచాలి, ఏది తీసేయాలి అని అడగండి. తర్వాత ఆయన ఏమన్నారో నాకు ఉత్తరం రాయండి.